చిప్స్ లేనిదే ముద్ద దిగని పిల్లాడు

ప్రశ్న: మాది హిందూపురం. ఏడేళ్లుగా బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. మా బాబుకు 9 ఏళ్లు, బరువు 36 కిలోలు. పప్పన్నమైనా పెరుగన్నమైనా నంజుకోడానికి ఉర్లగడ్డ చిప్స్ ఉండాల్సిందే. కూర వేస్తే పక్కకు నెట్టేస్తాడు. స్కూలు బస్సు దింపేచోటే హాట్ చిప్స్ అంగడి ఉంది. రోజుకు తక్కువంటే 40 గ్రాములు తింటాడు. మూడేళ్ల పాప కూడా వాణ్ని చూసి అడుగుతోంది. "ఉర్లగడ్డ కూడా కూరగాయే కదా, అంత చెడ్డదేముంది" అంటారు మావారు. అరటికాయ చిప్స్ మేలని కొందరు, బేక్ చేసినవి కొనమని కొందరు చెబుతున్నారు. మా మామగారికి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.3 ఉంది. డాక్టరు ఉప్పు తగ్గించమన్నారని ఆయనకు మాత్రం ఉప్పు లేకుండా ఇంట్లోనే వేయించి ఇస్తున్నాను. అసలు చిప్స్‌లో పోషకాలేమైనా ఉన్నాయా? ఎంత తింటే ఫర్వాలేదు? పూర్తిగా మాన్పించాలా?

సమాధానం: మీరు ఉత్తరం చివర్లో రాసిన మీ మామగారి సంగతే ముందు చూడాలి. ఆయనకు ఉప్పు లేని చిప్స్ ఇవ్వడం కూడా ఈ రోజు నుంచి ఆపండి. కిడ్నీలు దెబ్బతిన్నవారిని ఇబ్బంది పెట్టేది సోడియం ఒక్కటే కాదు, పొటాషియం కూడా. దుంపలో నీరంతా ఆవిరైపోయి తక్కినదంతా చిక్కబడుతుంది కాబట్టి 100 గ్రాముల చిప్స్‌లో 1,200 మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉంటుంది. ఉప్పు వేయకపోయినంత మాత్రాన అది తగ్గదు. కిడ్నీ ఒంట్లోని పొటాషియంను సరిగ్గా బయటికి పంపలేనప్పుడు అది రక్తంలో పేరుకుని గుండె లయను దెబ్బతీస్తుంది. కిడ్నీ జబ్బున్న ప్రతివారికీ పొటాషియం కట్టడి అవసరం ఉండదు. ఆయన ఇటీవలి రక్త పరీక్షలో పొటాషియం ఎంత ఉందో డాక్టరుకు చూపించి, దుంపకూరలు ఎంతవరకు తినొచ్చో అడగండి. ఇంట్లో "తక్కువ సోడియం ఉప్పు" వాడుతుంటే ఆ సంగతీ చెప్పండి, ఎందుకంటే అందులో సోడియం క్లోరైడ్‌కు బదులు కొంత పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. డాక్టరు కొద్దిగా తినొచ్చంటే, దుంపను తొక్క తీసి చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోసి వండండి. అలా చేస్తే పొటాషియం సగం దాకా పోతుంది. ఊరికే చన్నీళ్లలో నానబెడితే పెద్దగా పోదు.

ఇక మీవారి మాట. ఉర్లగడ్డ మంచి ఆహారమే, దాన్ని తప్పుపట్టక్కర్లేదు. 100 గ్రాముల పచ్చి దుంపలో దాదాపు 79 గ్రాములు నీరే. కేలరీలు 77, కొవ్వు లేనట్టే, పీచు 2 గ్రాములు, సి విటమిన్ 20 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి. అదే దుంప చిప్స్ అయ్యేసరికి నీరు నూటికి రెండు పాళ్లకు పడిపోతుంది. ఆ ఖాళీలో కొంతమేర నూనె చేరుతుంది. 100 గ్రాముల చిప్స్‌లో కేలరీలు 530 నుంచి 550, కొవ్వు 33 నుంచి 36 గ్రాములు. అంటే ఆ 100 గ్రాములు తినడమంటే రెండున్నర టేబుల్ స్పూన్ల నూనె తాగడమే. అందులోని కేలరీల్లో సగానికి పైగా నూనెవే. దుంపవి కావు.

పోషకాలు అస్సలు లేవనడం కూడా నిజం కాదు. పొటాషియం ఉంటుంది, బి6 ఉంటుంది, పీచు 3, 4 గ్రాములు, మాంసకృత్తులు 6, 7 గ్రాములు ఉంటాయి. అయితే కిలో చిప్స్‌కు మూడున్నర నుంచి నాలుగు కిలోల దుంపలు పడతాయని గుర్తుంచుకోండి. ఆ లెక్కన 100 గ్రాముల చిప్స్‌లో సి విటమిన్ 70 మిల్లీగ్రాములు ఉండాలి. మిగిలేది 20 చుట్టుపక్కలే. తక్కినది కోతలో, కడుగుడులో, వేపుడులో పోతుంది. ఈ మాత్రం పోషకాల కోసం అంత నూనె లోపలికి పంపడం గిట్టుబాటు బేరం కాదు.

మీ బాబు రోజుకు తినే 40 గ్రాముల్లో సుమారు 215 కేలరీలు, 14 గ్రాముల కొవ్వు ఉన్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం 7 నుంచి 9 ఏళ్ల పిల్లలకు రోజుకు 1,700 కేలరీలు, వంటలో వాడే నూనె, నెయ్యి అన్నీ కలిపి 30 గ్రాములు చాలు. ఆ 30లో సగం చిప్స్‌కే పోతోంది. తాలింపులు, దోసెలు, పప్పులో నెయ్యి అన్నీ మిగతా సగంలో సర్దుకోవాలి. అవి సర్దుకోవని మీకూ తెలుసు.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. 1995లో సిడ్నీ యూనివర్సిటీ పరిశోధకులు 38 రకాల ఆహారాలను సమానమైన కేలరీలు ఉండేలా పెట్టి, దేనితో కడుపు ఎంత నిండుతుందో కొలిచారు. తెల్ల బ్రెడ్‌ను 100గా తీసుకుంటే ఉడికించిన బంగాళాదుంపకు 323 వచ్చింది, మొత్తం పట్టికలో అదే మొదటిది. చిప్స్‌కు వచ్చింది 91. దుంప అదే, కానీ ఉడికిస్తే కడుపు నింపుతుంది, చిప్స్ చేస్తే ఆకలిని అలాగే వదిలేస్తుంది. మీవాడు 40 గ్రాముల చిప్స్ తిన్నా అన్నం తగ్గించకపోతే కారణం ఇదే కావచ్చు. అమెరికాలో 1,20,877 మంది పెద్దవాళ్ల ఆహారాన్ని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం ఒకటి 2011లో వెలువడింది. బరువు పెరగడంతో అన్నిటికంటే గట్టి సంబంధం కనిపించింది పొటాటో చిప్స్‌కే. తినేదానికి రోజూ మరొకసారి వడ్డించేంత చిప్స్ తోడైనప్పుడు నాలుగేళ్లకు సగటున ముప్పావు కిలో పెరుగుదల లెక్కతేలింది. ఏ వ్యాయామం మానారు, ఏం తాగారు వంటివన్నీ లెక్కలోంచి తీసేశాక మిగిలిన అంకె అది.

ఉప్పు విషయంలో చాలామంది పొరపడతారు. చిప్స్‌లో ఉప్పు పైపైన ఉండి నాలుకకు నేరుగా తగులుతుంది కాబట్టి ఎంతో ఉన్నట్టనిపిస్తుంది. నిజానికి 100 గ్రాములకు సోడియం 500 నుంచి 700 మిల్లీగ్రాములు. ఉప్పులోకి మార్చాలంటే రెండున్నరతో గుణించండి. మీవాడి వాటాకు అర గ్రాము నుంచి ముప్పావు గ్రాము దాకా ఉప్పు వస్తుంది. పెద్దవాళ్లకే ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు అంటోంది, తొమ్మిదేళ్లవాడికి అంతకంటే తక్కువే ఉండాలి. చిప్స్ ఒక్కటే అయితే ఇది భరించదగ్గదే. కానీ అదే కంచంలో సాంబారు, ఊరగాయ, అప్పడం కూడా ఉంటాయి. అప్పడంలో ఉప్పుతోపాటు అప్పడాల కారం (మిరపకారం కాదు, సోడా లాంటి క్షారం) కూడా సోడియమే. చిప్స్ మానేసి వాటి బదులు అప్పడాలు పెడితే ఒరిగేదేమీ లేదు.

ప్యాకెట్ మంచిదా, అంగడిది మంచిదా అంటే, రెండింటి లోపాలు వేరు వేరు. ప్యాకెట్‌లో ఏముందో కనీసం రాసి ఉంటుంది. వెనక్కి తిప్పి పదార్థాల వరుస చూడండి. ఎక్కువగా ఉన్నది ముందు వస్తుంది. రెండో పేరు పామోలిన్ అయితే ఆ కొవ్వులో నూటికి 40 పాళ్లకు పైగా సంతృప్త కొవ్వే. అంటే 100 గ్రాముల చిప్స్‌కు 14 గ్రాముల పైచిలుకు. లేబుళ్ల లెక్కకు కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ పెట్టుకున్న రోజువారీ హద్దు, అదీ పెద్దవాళ్లకు, 22 గ్రాములు. సన్‌ఫ్లవర్ నూనెలో వేయించినవైతే సంతృప్త కొవ్వు దాదాపు నాలుగో వంతుకు తగ్గుతుంది, కేలరీలు మాత్రం అవే. "కొలెస్ట్రాల్ లేదు" అన్న అక్షరాలను పట్టించుకోకండి. మొక్కల నూనె దేనిలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. ట్రాన్స్ కొవ్వు 2022 జనవరి 1 నుంచి నూటికి 2 పాళ్లు మించకూడదన్న నిబంధన ఉంది కాబట్టి అది ఇప్పుడు పెద్ద భయం కాదు.

అంగడి చిప్స్‌కు లేబుల్ లేదు. మనం చూడాల్సింది బాణలి. దుంపలోంచి నీరు నూనెలోకి దిగే కొద్దీ నూనె విరుగుతుంది, గాలి తగిలి పాడవుతుంది, చివరికి జిగటగా చిక్కబడుతుంది. ఇలా చెడిన భాగాన్ని పోలార్ కాంపౌండ్స్ అంటారు. అవి నూటికి 25 పాళ్లు దాటితే ఆ నూనె వాడకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 జులై 1 నుంచి నిబంధన పెట్టింది. మీటరు లేకుండా మనం చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. ముక్కలు వేయకముందే పొగ వస్తోందా? ముక్కలు తీశాక కూడా నురగ అణగకుండా అంచుల్లో నిలబడుతోందా? బాణలి గోడలకు గోధుమరంగు జిగురు పట్టిందా? దగ్గరికి వెళ్తే పెయింట్ డబ్బా లాంటి వాసన వస్తోందా? వీటిలో రెండు కనిపించినా కొనకుండా వచ్చేయండి. పాత నూనెలో కొత్తది కలుపుతుంటే అది కొత్త నూనె కాదు. పాతది కొత్తదాన్ని కూడా తొందరగా చెడగొడుతుంది. పాడైన నూనె ముక్కకు ఎక్కువగా అంటుకుంటుంది కూడా. ఎప్పుడైనా కొనాల్సి వస్తే, నూనె మార్చిన రోజు ఏదో అడిగి ఆ రోజు మొదటి వాయి తీసుకోండి. కారం చల్లించుకోకండి, చల్లే పొడిలో ఉప్పు కూడా ఉంటుంది. న్యూస్ పేపర్‌లో కట్టిస్తే వద్దనండి, వేడి నూనెకు సిరా కరుగుతుంది.

అరటికాయ చిప్స్ మేలన్న మాటకు ఆధారం లేదు. కేలరీలు ఇంచుమించు అంతే. కేరళ పద్ధతిలో కొబ్బరి నూనెలో వేస్తే, అందులో 90 పాళ్ల దాకా సంతృప్త కొవ్వే కాబట్టి ఆ విషయంలో ఇంకా ఎక్కువ. కర్ర పెండలం చిప్స్‌దీ అదే కథ. బేక్ చేసినవాటిలో కొవ్వు నిజంగానే తక్కువ, కానీ చాలావాటిలో దుంప పొడి, స్టార్చ్, చక్కెర కలుపుతారు. ప్యాకెట్ చూసి 100 గ్రాములకు కొవ్వు 20 లోపు, సోడియం 500 లోపు ఉంటేనే ఆ పేరుకు విలువ.

ఇప్పుడు అందరూ అడిగే క్యాన్సర్ సంగతి. దుంపలో ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది, కాస్త గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఉంటాయి. 120 డిగ్రీలు దాటిన పొడి వేడిలో ఇవి కలిసి ఎక్రిలమైడ్ అవుతుంది. ఆహారంలో ఇది ఉందని 2002లో స్వీడన్‌లో బయటపెట్టారు. జంతువుల్లో క్యాన్సర్ తెస్తుంది. మనుషుల్లో ఆహారం ద్వారా తెస్తుందని ఇంకా రుజువు కాలేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే దీన్ని "బహుశా క్యాన్సర్ కారకం" అన్న జాబితాలో చేర్చింది. యూరప్‌లో చిప్స్‌కు కిలోకు 750 మైక్రోగ్రాములు అన్న ప్రమాణం పెట్టుకున్నారు. ఒకసారి తింటే ఏదో అయిపోతుందన్న భయం అక్కర్లేదు. కానీ పిల్లలు ఒంటి బరువుకు తగ్గట్టు చూస్తే పెద్దలకంటే ఎక్కువ తింటారు, రోజూ తింటారు. అందుకే తగ్గించగలిగినంత తగ్గించాలి. దాన్ని కంటితోనే చూసి తగ్గించొచ్చు, ఎందుకంటే చిప్స్ ఎంత గోధుమరంగు తిరిగితే అది అంత ఎక్కువ.

ఇంట్లో చేసేటప్పుడు ఈ రంగు దగ్గరే చాలామందికి చెడుతుంది. ముక్క కరకరలాడకముందే నడుమ ఎర్రబడుతుంది. మంట తగ్గించి చూస్తారు, అప్పుడు మెత్తబడి నూనె కారుతుంది. తప్పు మంటది కాదు, దుంపది. 2 నుంచి 4 డిగ్రీల చల్లదనంలో నిలవ ఉంచితే దుంపలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఆ చక్కెరే నూనెలో ఎర్రబడుతుంది. చిప్స్ కంపెనీలు దుంపలను 10, 12 డిగ్రీల దగ్గర ఉంచేది, కుఫ్రి చిప్సోనా లాంటి రకాలనే కొనేది ఇందుకే. మీరు కొన్న దుంపలు కోల్డ్ స్టోరేజీలోంచి వచ్చాయో లేదో తెలుసుకోడానికి ఒక్క ముక్క వేయించి చూడండి. ఎర్రబడితే ఆ దుంపలు కూరకు వాడండి, చిప్స్‌కు వద్దు. ఇంట్లో చిప్స్‌కు ఉంచుకునే దుంపలను ఫ్రిజ్‌లో పెట్టకండి. పచ్చబడినవి, మొలకలెత్తినవి కూడా వద్దు. వాటిలోని సొలనిన్ అనే విషపదార్థం వేయించినా పోదు, చేదుగా తగిలిన చిప్ ఉమ్మేయాల్సిందే.

అర కిలో దుంపలకు 120 నుంచి 140 గ్రాముల చిప్స్ వస్తాయి. ఒకటిన్నర మిల్లీమీటర్ల మందంలో, అన్నీ సమానంగా కోయండి. మందం తేడా ఉంటే పలచనివి మాడేలోపు మందపాటివి వేగవు. లీటరు నీళ్లలో అరగంట నానబెట్టి, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చండి. తర్వాత పొయ్యి మీద నీళ్లు మరగడానికి ముందు అడుగున చిన్న బుడగలు పుట్టే వేడిలో మూడు నిమిషాలు ఉంచి తీయండి. ఈ రెండింటితో పైపై చక్కెర చాలావరకు కడుక్కుపోతుంది. మూడు నిమిషాలు దాటితే ముక్క విరిగిపోతుంది. నూలుబట్ట మీద పరిచి పూర్తిగా తడి ఆర్చండి. నూనె 175 డిగ్రీల దగ్గర ఉండాలి. ముక్క వేయగానే రెండు మూడు క్షణాల్లో పైకి తేలితే సరిపోయినట్టు. ఒక్క గుప్పెడే వేయండి, ఎక్కువ వేస్తే వేడి పడిపోయి ముక్కలు మెత్తబడతాయి. నూనెలో ఉప్పునీళ్లు చిలకరించే అలవాటుంటే మానండి, నూనె ఇంకా వేగంగా చెడుతుంది. రెండు మూడు నిమిషాలకు బుడగలు తగ్గుతాయి, అంటే నీరు అయిపోయినట్టు. లేత బంగారు రంగులోనే తీయండి.

తీసిన తర్వాతి అర నిమిషం ముఖ్యం. బాణలిలో ఉన్నంతసేపూ ముక్కలోంచి ఆవిరి బయటికి తన్నుతుంటుంది కాబట్టి నూనె లోపలికి పెద్దగా పోదు. బయటికి తీశాక లోపలి ఆవిరి చల్లారి కుంచించుకుపోయి, పైన అంటుకున్న నూనెను లోపలికి లాక్కుంటుంది. అందుకే జల్లిగరిటెతో తీసినవి తీసినట్టే పళ్లెంలో పోగేయకండి. నూనె పైనే గరిటెను రెండు మూడుసార్లు గట్టిగా విదిలించి, వేడిమీదే టిష్యూ పేపర్ మీద పలచగా పరిచి పైన ఇంకో పేపర్‌తో అద్దండి. ఉప్పు మెత్తగా దంచి, మొత్తానికి పావు టీస్పూన్ మించకుండా, వేడిమీదే చల్లండి. మెత్తటి ఉప్పు అంటుకుంటుంది, గరుకుది కింద రాలిపోయి ఇంకా వేయాలనిపిస్తుంది. మిగిలిన నూనె వడకట్టి రెండు రోజుల్లో తాలింపులకు వాడేయండి, మళ్లీ వేపుడుకు పెట్టకండి. ఎయిర్ ఫ్రయర్‌లో అర కిలోకు మూడు టీస్పూన్ల నూనె చాలు, కొవ్వు బాగా తగ్గుతుంది. కానీ అందులోనూ ఎర్రబడితే ఎక్రిలమైడ్ వస్తుంది, రంగు నియమం దానికీ అదే.

ఇదంతా వారానికి ఒక్కరోజు కోసం. ఇంట్లో చేసినంత మాత్రాన రోజూ పెట్టొచ్చని కాదు.

పూర్తిగా మాన్పించక్కర్లేదు. కానీ అన్నం పక్కనుంచి మాత్రం తప్పించండి, అసలు చిక్కు అక్కడే ఉంది. చిప్స్ కంచంలో కూర స్థానంలో కూర్చుంది. మీవాడికి కావలసింది కరకరలాడేది, ఉప్పగా ఉండేది. అది ఉర్లగడ్డతోనే ఇవ్వండి. పావు కిలో దుంపలను తొక్కతో ముప్పాతిక వంతు ఉడికించి, చల్లారనిచ్చి ముక్కలు కోయండి. ఇనుప పెనం మీద రెండు టీస్పూన్ల నూనెతో, కలపకుండా ఒక్కో వైపు ఐదారు నిమిషాలు ఎర్రగా కాకుండా బంగారు రంగుకు కాల్చండి. దించే ముందు రెండు చెంచాల పప్పుల పొడి చల్లండి. నూనె మొత్తం 10 గ్రాములే, అదీ ఇంట్లో ముగ్గురికి. ఇంకో రోజు వేయించిన శనక్కాయలు ఒక గుప్పెడు, మరో రోజు దోసకాయ, క్యారెట్ ముక్కలు. ఒక్కసారిగా మార్చకండి. మొదటి వారం చిప్స్ 20 గ్రాములు, ప్యాకెట్‌లోంచి కాకుండా చిన్న గిన్నెలో, పక్కన ఈ వేపుడు. రెండో వారం ఏడెనిమిది చిప్స్ మాత్రమే, అది కూడా రోజు విడిచి రోజు. మూడో వారం నుంచి ఆదివారం ఒక్కపూట ఓ 25 గ్రాములు, కంచంలో కాకుండా విడిగా. తెచ్చిన అర కిలో డబ్బాలో పోసి కంటికి కనిపించేలా పెట్టడం ఆపండి, 100 గ్రాములు తెచ్చి ఆ పూటే అందరూ పంచుకోండి.

బస్సు దిగే సమయానికి వాడు ఆకలితో ఉంటాడు, అంగడి వాసన అప్పుడే తగులుతుంది. ఆ పది నిమిషాలు మీవి కావాలి. ఉడికించిన శనక్కాయలో, బొరుగుల్లో ఉల్లిపాయ, పుట్నాలు కలిపినదో, అనపకాయల కాలంలో గింజల గుగ్గిళ్లో డబ్బాలో తీసుకెళ్లి బస్సు దగ్గరే చేతికివ్వండి. 30 గ్రాముల ఎండు శనక్కాయ గింజల్లో ఏడు గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి, రాత్రి అన్నం దాకా ఆగుతుంది. పాపకు మాత్రం గింజలు ఇవ్వకండి, మూడేళ్ల పిల్లలకు గొంతుకు అడ్డం పడతాయి. పొడి చేసి అన్నంలో కలపండి. గట్టి చిప్స్ కూడా ఆ వయసుకు ఆ ప్రమాదం ఉన్నవే. స్కూలు క్యాంటీన్‌లో చిప్స్ అమ్ముతుంటే పేరెంట్స్ మీటింగ్‌లో అడగండి. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్నవి స్కూల్లో గానీ గేటుకు 50 మీటర్ల లోపు గానీ అమ్మకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 నిబంధనల్లో ఉంది.

బరువు గురించి వాడి ముందు మాట్లాడకండి, అన్నం తగ్గించకండి. ఎత్తుతో కలిపి చూస్తేగానీ 36 కిలోలు ఎక్కువో కాదో తేలదు. ఒకసారి పిల్లల డాక్టరు దగ్గర ఎత్తు, బరువు, బీపీ కొలిపించండి. దంతాలు కూడా చూపించండి. నమిలిన చిప్స్ ముద్ద దవడ పళ్ల గుంతల్లో గంటల తరబడి అతుక్కుని ఉంటుంది. ఆదివారం చిప్స్ తిన్నాక నీళ్లతో పుక్కిలించడం ఇద్దరు పిల్లలకూ అలవాటు చేయండి.